గోముఖం ఎక్కడుంది?

ఈ ప్రశ్న మీ భూగోళం మాస్టారు అడిగితే మీరు తడుముకోకుండా జవాబు చెప్పేస్తారు. ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, ఉత్తరకాశీ జిల్లాలో, గంగోత్రి ఆలయానికి సుమారు 18 కిలోమీటర్ల ఎగువన, సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో ఉంది. గంగానదికి మూలధార అయిన భాగీరథి అక్కడే మంచులోంచి బయటపడుతుంది. జవాబులో తప్పేమీ లేదు. కాని ప్రశ్నే అసంపూర్ణంగా ఉంది. గోముఖం ఎక్కడుంది అని అడిగేవారు, ఏ సంవత్సరంలో అని కూడా అడగాలి.

గోముఖం అంటే ఒక కొండో, గుడో, రాతికట్టడమో కాదు. అది గంగోత్రి హిమానీనదం కొస. హిమానీనదం ఆ కొస దగ్గర కరిగి నది అవుతుంది. ఆ కొస ఎక్కడికి జరిగితే గోముఖమూ అక్కడికే జరుగుతుంది. గత 200 సంవత్సరాలుగా అది జరుగుతూనే ఉంది, అదీ వెనక్కి. ఈ వేసవిలో మీరు ఒక మార్గదర్శి వెంట ఆ దారిన నడిచారనుకోండి. మీరు నడిచేది కొండదారిలోనే కాదు, చరిత్రలో కూడా. రండి, ఆ నడక ఒకసారి నడిచి చూద్దాం.

బస్సు కిటికీలోంచి మొదటి పాఠం

ఉత్తరకాశీలో బస్సెక్కి గంగోత్రికి పోయే దారిలో ఝాలా అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ లోయను కాస్త పరికించి చూడండి. నది తనంతట తాను కోసుకున్న లోయ ఇరుకుగా, ఇంగ్లీషు అక్షరం ‘వి’ ఆకారంలో ఉంటుంది. హిమానీనదం దొర్లించిన రాళ్లతో అరగదీసిన లోయ వెడల్పుగా, ‘యు’ ఆకారంలో ఉంటుంది. ఝాలా దాటాక హర్సిల్ దగ్గర లోయ ఒక్కసారిగా విశాలమవుతుంది.

ఈ లోయలో ఎక్కడెక్కడ పాత మొరైన్లు ఉన్నాయో, అంటే హిమానీనదం మోసుకొచ్చి వదిలేసిన రాళ్లమట్టి గుట్టలు ఎక్కడున్నాయో, మిలాప్ చంద్ శర్మ, లూయీస్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞులు పరిశీలించి 1996లో ప్రకటించారు. సుమారు 60 వేల సంవత్సరాల క్రితం గంగోత్రి హిమానీనదం ఝాలా దాకా వచ్చిందని వారు తేల్చారు. అంటే ఇప్పుడు మీ బస్సు వెళుతున్న లోయ ఆనాడు మంచుతో నిండి ఉండేదన్నమాట.

వెంటనే మీకొక సందేహం రావచ్చు. మనుషులు బొగ్గు, పెట్రోలు తగలబెట్టక ముందే ఇంత మంచు కరిగిపోయిందిగదా, ఇప్పుడు మాత్రం ఇంత ఆందోళన దేనికి? మంచి సందేహమే. దీన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. జవాబు తిరుగు ప్రయాణంలో చూద్దాం.

నది పుట్టుక కోసం వెతుకులాట

గంగోత్రిలో ఒక రాత్రి ఆగాలి. 3,000 మీటర్లు దాటిన ఎత్తులో గాలి పలచబడుతుంది కాబట్టి శరీరం అలవాటు పడడానికి సమయమివ్వాలి. ఇక్కడి ఆలయాన్ని గూర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా కట్టించాడని చెబుతారు. ఆలయానికి పైనున్న దారి జాతీయ ఉద్యానవనంలోకి వెళుతుంది. అనుమతి పత్రం లేనిదే పంపరు. 2008 నుంచి రోజుకు 150 మందికి మించి గోముఖానికి వెళ్లకూడదని నియమం పెట్టారు.

200 సంవత్సరాల క్రితం గంగోత్రి చేరడమే గొప్ప. ఆ కాలంలో యూరోపియన్లు చూసుకునే పటాల్లో గంగ పుట్టుక తప్పుగా ఉండేది. 1717 ప్రాంతంలో చైనా చక్రవర్తి పంపిన లామాలు సేకరించిన వివరాలను బట్టి, గంగ మానస సరోవర ప్రాంతంలో పుట్టి, టిబెట్‌లో చాలా దూరం ప్రవహించి, హిమాలయాన్ని తొలుచుకుని గంగోత్రి వద్ద ఇవతలికి వస్తుందని అనుకునేవారు. ప్రఖ్యాత పటాల రూపకర్త జేమ్స్ రెన్నెల్ కూడా దీన్నే నమ్మాడు.

ఈ సంగతి తేల్చాలని సర్వేయర్ జనరల్ రాబర్ట్ కోల్‌బ్రూక్ తలపెట్టాడు. 1808లో వెబ్, రేపర్, హెర్సీ అనే ముగ్గురు భాగీరథి వెంట పైకి బయలుదేరారు. దారి దుర్గమంగా ఉండడంతో వారు గంగోత్రికి చేరకుండానే వెనక్కి తిరిగారు. అయితే తమ మున్షీని ముందుకు పంపారు. ఆ మున్షీ గంగోత్రి చూసి వచ్చి వివరాలు చెప్పాడు. నది హిమాలయానికి ఇవతలే పుడుతోందన్న నిర్ణయానికి అతని నివేదిక తోడ్పడింది. చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు రాసుకున్నాయి. వారు వెళ్లలేని చోటికి వెళ్లి వచ్చినవాడు మాత్రం ‘మున్షీ’గానే మిగిలిపోయాడు. మీ ముందు కర్ర పట్టుకుని నడిచే గఢ్వాలీ మార్గదర్శిని చూసినప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి.

1815లో జేమ్స్ బెయిలీ ఫ్రేజర్ గంగోత్రి చేరాడు. మరో రెండేళ్లకు, 1817 మే 31న, జాన్ హాడ్జ్‌సన్, జేమ్స్ హెర్బర్ట్ అనే ఇద్దరు సర్వే అధికారులు ఇంకా పైకి వెళ్లి, ఎత్తైన మంచుగోడ అడుగున ఉన్న పొట్టి కమానులోంచి నది బయటికి రావడం చూశారు. తమ వెంట ఉన్న బూరలు ఊదించి గంగకు వందనం చేశారు. ఆ తరువాత గొలుసు పట్టి ప్రవాహాన్ని కొలిచారు. వెడల్పు 27 అడుగులు. మంచుగోడకు వేలాడే పొడవాటి మంచుకణికలను చూసి, శివుని జటాజూటం అన్న ఊహ వీటిని బట్టే వచ్చి ఉంటుందని హాడ్జ్‌సన్ అనుకున్నాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. తాను చూసినదాన్ని హాడ్జ్‌సన్ ‘మంచుపరుపు’ అన్నట్టుగా రాశాడు. హిమానీనదం అనలేదు. ఎందుకని?

కదిలే మంచు

గంగోత్రి నుంచి తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే చీర్‌బాసా వస్తుంది. చీర్ అంటే దేవదారుజాతి పైన్ చెట్టు. ఇంకో అయిదు కిలోమీటర్లు పోతే భోజ్‌బాసా. భోజ్ అంటే భూర్జవృక్షం. మన పూర్వులు ఏ చెట్టు బెరడు మీద గ్రంథాలు రాశారో ఆ చెట్టే. ఒకప్పుడు ఇక్కడ భూర్జవనం దట్టంగా ఉండేది. యాత్రికుల వంటచెరకు కోసం చాలా భాగం నరికేశారు. 1990లలో పర్వతారోహకురాలు హర్షవంతి బిష్ట్ ఇక్కడ మళ్లీ మొక్కలు నాటించే పని మొదలుపెట్టారు. రాత్రి బస భోజ్‌బాసాలోనే. చలికి నిద్రపట్టకపోతే హాడ్జ్‌సన్ సమస్య గురించి ఆలోచించండి.

ఆ కాలంలో హిమాలయాల్లో ఆల్ప్స్ పర్వతాల్లో ఉన్నలాంటి హిమానీనదాలు ఉన్నాయా అన్నదే పండితులకు అనుమానం. అసలు హిమానీనదం అంటే కేవలం పేరుకుపోయిన మంచు కాదు, అది కదులుతుంది. ఏటేటా కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకుని, పైబరువుకు నలిగి, లోపలి గాలి చాలావరకు బయటికి పోయి, నీలిరంగు గట్టి మంచుగా మారుతుంది. మందం పెరిగిన కొద్దీ అది తన బరువుకు తానే లొంగి, పాకం జారినట్టు నెమ్మదిగా కిందికి జారుతుంది.

ఈ కదలికను కొలతతో చూపిన కథ స్విట్జర్లాండ్‌లో నడిచింది. 1827లో హూగీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉంటెరార్ హిమానీనదం మీద ఒక గుడిసె కట్టాడు. పదమూడు పద్నాలుగేళ్ల తరువాత లూయీ అగాసీ వెళ్లి చూసేసరికి గుడిసె కిలోమీటరుకు పైగా దిగువకు వెళ్లిపోయి ఉంది. గుడిసె నడవలేదు, దాని కింది నేల నడిచింది. 1840లో అగాసీ తన ప్రసిద్ధ గ్రంథంలో, ఒకనాడు భూమి మీద ఇంతకంటే ఎంతో విస్తారంగా మంచు పరుచుకుని ఉండేదని వాదించాడు.

హిమాలయాల సంగతి తేల్చినవాడు రిచర్డ్ స్ట్రాచీ. ఇతడు 1847లో కుమావూన్‌లోని పిండారీ లోయకు వెళ్లి, అక్కడున్నది నిజమైన హిమానీనదమేనని చూపించాడు. మరుసటి ఏడు దాని వేగం కొలిచి, అంచుల కన్నా నడుమ వేగం ఎక్కువని కనుగొన్నాడు. సరిగ్గా నదిలో నీటికి లాగే. పండితులు ఈ వాదనలో మునిగి ఉన్నప్పుడు కొండప్రజలు ఏమన్నారంటారా? కుమావూనీలు దాన్ని ‘గల్’ అంటారు, గఢ్వాలీలు ‘బామక్’ అంటారు. శాస్త్రం ఉందా లేదా అని సందేహించినదానికి వారి భాషల్లో అప్పటికే పేరు ఉంది.

గీత గీసినవాడు

మరునాడు తెల్లవారకముందే మార్గదర్శి మిమ్మల్ని లేపుతాడు. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి వాగులు పొంగుతాయి, వదులైన రాళ్లు దొర్లుతాయి. కాబట్టి ఈ దారుల్లో నడక ఉదయమే సాగాలి. భోజ్‌బాసా దాటాక చెట్లు మాయమవుతాయి. రెండు పక్కలా బూడిదరంగు రాళ్లగుట్టలు తప్ప ఏమీ ఉండవు. వీటిలో చాలాచోట్ల ఒకప్పుడు మంచు ఉండేది. ఎప్పుడు ఎక్కడి దాకా ఉండేదో ఎవరు చెప్పాలి?

1894లో జూరిచ్‌లో జరిగిన అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభలో హిమానీనదాల కోసం ఒక సంఘం ఏర్పడింది. అన్ని దేశాల్లోనూ హిమానీనదాల కొసలను క్రమం తప్పక కొలవాలని దాని ఉద్దేశం. ఆ పిలుపు అందుకుని 1906లో మన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కాశ్మీర్, లాహుల్, కుమావూన్ ప్రాంతాల్లోని హిమానీనదాలను పరిశీలించింది. పిండారీ, మిలం హిమానీనదాల కొసల దగ్గర గుర్తులు పెట్టింది. పద్ధతి చాలా సామాన్యమైనది. కదలని పెద్ద బండను ఎంచుకుని రంగుతో గుర్తు వేస్తారు. అక్కడినుంచి మంచు కొసకు ఎంత దూరమో కొలిచి రాస్తారు. తరువాత వచ్చేవారు అదే బండ నుంచి మళ్లీ కొలుస్తారు. మొదట కొలిచినవాడికి ఫలితం కనిపించదు. తన తరువాతివాడి కోసమే అతను కొలుస్తాడు.

గంగోత్రికి ఆ పని చేసినవాడు జాన్ బిక్‌నెల్ ఆడెన్. ఇతడు భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఉద్యోగి, ప్రసిద్ధ ఆంగ్లకవి డబ్ల్యు. హెచ్. ఆడెన్‌కు అన్న. 1935లో ఇతడు గోముఖం దగ్గర ప్లేన్ టేబుల్ నిలిపి మంచు కొసకు పెద్ద కొలమానంలో పటం గీశాడు. అంతకుముందు హాడ్జ్‌సన్ వంటివారి వర్ణనలు ఉన్నా, ఇంత కచ్చితమైన పటం లేదు. 1956లో, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరపు కృషికి సన్నాహంగా, అదే సంస్థ తరఫున జంగ్‌పాంగీ తిరిగి సర్వే చేశారు. ఆ తరువాత 1971లోనూ, ఇంకా పలుమార్లూ కొలతలు జరిగాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే 1935 నుంచి 1996 వరకు గోముఖం దాదాపు 1,147 మీటర్లు వెనక్కి పోయినట్టు తేలింది. సగటున ఏడాదికి 19 మీటర్లు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జరిగిన మరో పరిశోధన 1965 నుంచి 2006 వరకు 819 మీటర్లు అని చెప్పింది. అదీ ఏడాదికి సుమారు 20 మీటర్లే. రెండు వేరువేరు పద్ధతులు ఇంత దగ్గరగా రావడం నమ్మకాన్ని పెంచే సంగతి.

ఆడెన్ పటంలోని గీత దగ్గర మీరు నిలబడ్డారనుకోండి. 1996 నాటి గీత చేరడానికి ఈ రాళ్లలో అరగంటకు తక్కువ పట్టదు. ఆ అరగంటలో మీరు దాటేది 61 సంవత్సరాలు.

కొస చెప్పేది, చెప్పనిది

ఇదిగో గోముఖం. మీరు తెల్లని మంచుగుహను ఊహించుకుని వస్తే కాస్త ఆశాభంగం కలుగుతుంది. మంచుగోడ మట్టి కలిసి బూడిదరంగులో ఉంటుంది. పగుళ్లలో మాత్రం నీలం మెరుస్తుంది. గుహ దగ్గరికి వెళ్లవద్దని మార్గదర్శి గట్టిగా చెబుతాడు. వినండి. ఇళ్లంత మంచుపెళ్లలు హెచ్చరిక లేకుండా ఊడిపడతాయి. పక్కనుంచి వచ్చే ముప్పూ ఉంది. 2017 జూలైలో మేరు హిమానీనదం వైపు నుంచి కొట్టుకొచ్చిన రాళ్లమట్టి గోముఖం దగ్గర పేరుకుని, నది దారి మళ్లి అక్కడొక మడుగు ఏర్పడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొస వెనక్కి జరిగితే హిమానీనదం వెనక్కి నడుస్తోందా? లేదు. మంచు ఎప్పుడూ దిగువకే జారుతుంది. కొస దగ్గర కరిగే వేగం పైనుంచి వచ్చే వేగాన్ని మించినప్పుడు కొస వెనక్కి పోతుంది.

మన పల్లెల్లోని గాదెను తలచుకోండి. పైనుంచి ధాన్యం పోస్తారు, కింది కన్నంలోంచి తీస్తారు. ఏడాదిలో పోసినది తీసినదానికంటే ఎక్కువైతే గాదె నిండుతుంది, తక్కువైతే తరుగుతుంది. హిమానీనదం కూడా అంతే. ఎగువన కురిసే మంచు రాబడి, దిగువన కరిగే మంచు ఖర్చు. కన్నం దగ్గర రాలిన గింజలను చూసి గాదెలో ఎంత మిగిలిందో చెప్పలేం. అలాగే కొస ఎంత జరిగిందన్న ఒక్క లెక్కతో హిమానీనదం ఆరోగ్యం తేలదు.

ఇందుకు రెండు కారణాలు చెప్పుకోవచ్చు. ఒకటి, పరిమాణం. గంగోత్రి హిమానీనదం దాదాపు 30 కిలోమీటర్ల పొడవైనది. చౌఖంబా శిఖరాల కింద ఈ ఏడు కురిసిన మంచు కొసకు చేరడానికి తరాలు పడుతుంది. కాబట్టి ఇవాళ కొస చూపే మార్పులో ఎన్నో దశాబ్దాల వెనకటి వాతావరణం కూడా కలిసి ఉంటుంది. రెండవది, పైనున్న రాళ్లమట్టి. పలచని దుమ్ము, మసి ఎండను పీల్చుకుని మంచును త్వరగా కరిగిస్తాయి. అదే మట్టి కొద్ది సెంటీమీటర్ల మందం దాటితే దుప్పటిలా కప్పి కరగడాన్ని తగ్గిస్తుంది. ఇలా కప్పుకున్న హిమానీనదం కొస పెద్దగా కదలకపోయినా, మంచు లోలోపల పలచబడుతూ ఉండవచ్చు.

మంచు మీద నడక

గోముఖం పక్కన గట్టెక్కి, అనుభవమున్న మార్గదర్శి వెంట హిమానీనదాన్ని అడ్డంగా దాటితే తపోవనం చేరవచ్చు. అది శివలింగ శిఖరం పాదాల దగ్గర, సుమారు 4,450 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికబయలు. పర్వతారోహకులు కూడా ఈ దారినే పోతారు. మీ కాళ్ల కింద ఉన్నవి రాళ్లే అనిపిస్తుంది, కాని ఆ రాళ్లు పరుచుకున్నది మంచు మీద. అక్కడక్కడ రాయి జారిన చోట నల్లని అద్దంలా మంచు బయటపడుతుంది. ఎక్కడో లోతున నీరు పారే చప్పుడు వినిపిస్తుంది. ఏటా పగుళ్లు మారతాయి కాబట్టి నిరుటి దారి ఈ ఏడు పనికి రాదు. మార్గదర్శులు ప్రతి వేసవిలోనూ దారిని కొత్తగా వెతుక్కోవాలి. వారికి హిమానీనదం తరుగుదల పుస్తకంలో చదివిన విషయం కాదు, వృత్తిలో ఎదురయ్యే విషయం.

దాటుతూ ఎదుటి గట్టును చూడండి. పక్కగోడల మీద, ఇప్పటి మంచుమట్టానికి చాలా ఎత్తున, పొడవాటి మొరైన్ అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు మంచు అంత ఎత్తున నిండి ఉండేది. అంటే పొడవే కాదు, మందం కూడా తగ్గిందన్నమాట. తూర్పున ఉన్న రక్తవర్ణ, చతురంగి హిమానీనదాలు ఒకప్పుడు ఈ ప్రధాన ప్రవాహంలో కలిసేవి. ఇప్పుడు అవి విడిపోయి, వాటి నీరు మాత్రమే వచ్చి చేరుతోంది. ఉపనదుల మంచు అందకపోతే గాదెలో పోసే చేతులు తగ్గినట్టే గదా.

గాదె లెక్క సరిగా తీయాలంటే హిమానీనదం మీదికే ఎక్కాలి. మంచులోకి రంధ్రాలు చేసి గుంజలు పాతుతారు. ఏడాది చివర ఎంత గుంజ బయటపడిందో చూస్తే ఎంత కరిగిందో తెలుస్తుంది. ఎగువన గోతులు తవ్వి కొత్త మంచు ఎంత చేరిందో, దాని సాంద్రత ఎంతో కొలుస్తారు. మనదేశంలో ఈ లెక్క తొలిసారిగా 1974లో హిమాచల్ ప్రదేశ్‌లోని గారా హిమానీనదం మీద మొదలైంది. అదే రాష్ట్రంలోని ఛోటా షిగ్రీ మీద 2002 నుంచి వార్షిక లెక్కలు సాగుతున్నాయి. ఇలా ఏళ్ల తరబడి కొలిచినవి హిమాలయాల్లో వేళ్ల మీద లెక్కించదగినన్నే. వేల సంఖ్యలో ఉన్నవాటిలో కొన్నిటినే చేత్తో తాకి కొలిచామన్న సంగతి మరువకండి.

ఒక తప్పు లెక్క నేర్పిన పాఠం

కొలతలు తక్కువగా ఉన్నచోట మాటలు ఎక్కువ కావడం సహజం. దీనికొక చరిత్ర ఉంది.

1996లో రష్యా శాస్త్రజ్ఞుడు కోట్ల్యకోవ్ సంపాదకత్వంలో వచ్చిన ఒక నివేదిక, ధ్రువాల బయట ఉన్న హిమానీనదాలు 2350 నాటికి బాగా కుంచించుకుపోవచ్చని అంచనా వేసింది. 1999లో పత్రికల్లో హిమాలయాల గురించి మరో సంఖ్య వచ్చింది, 2035. అక్కడినుంచి అది చేతులు మారి, వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2007లో ప్రకటించిన నివేదికలోకి చేరిపోయింది. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికే మాయం కావచ్చన్నది దాని సారాంశం. వందల మీటర్ల మందమున్న మంచు 28 ఏళ్లలో ఎలా కరుగుతుందని ఆస్ట్రియాకు చెందిన గియోర్గ్ కాజర్, కెనడాకు చెందిన గ్రాహమ్ కోగ్లీ మొదలైన హిమానీనద నిపుణులు అడిగారు. చివరకు 2010 జనవరిలో ఆ సంఘం పొరపాటును ఒప్పుకుంది.

ఆ నివేదికలోనే మరో తప్పు ఉంది. దాన్ని మీరే పట్టుకోగలరు. పిండారీ హిమానీనదం 1845 నుంచి 1966 వరకు 2,840 మీటర్లు వెనక్కి పోయిందనీ, అంటే ఏడాదికి 135.2 మీటర్లనీ పట్టికలో ఉంది. కాగితం తీసుకుని భాగహారం చేయండి. 1845 నుంచి 1966కు 121 ఏళ్లు. 2,840ని 121తో భాగిస్తే 23.5 వస్తుంది. మరి 135.2 ఎలా వచ్చింది? 121కి బదులు 21తో భాగిస్తే వస్తుంది. ఒక్క అంకె జారిపోతే హిమానీనదం ఆరు రెట్లు వేగంగా పరుగెత్తింది!

ఈ తప్పులు బయటపడగానే కొందరు అటు చివరకు పోయారు. అసలు హిమాలయాలకు ఏమీ కాలేదని, అంతా కట్టుకథ అని అన్నారు. అదీ అంతే తప్పు. తప్పు లెక్కకు విరుగుడు లెక్క మానేయడం కాదు, సరైన లెక్క వేయడం.

ఆ లెక్క వేయడానికి అనుకోని సాయం అందింది. 1970లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు హిమాలయాల ఫోటోలు తీశాయి. రహస్యం తొలగించాక ఆ చిత్రాలను కంప్యూటర్ల సాయంతో ఎత్తులు చూపే పటాలుగా మార్చి, ఆధునిక ఉపగ్రహాల కొలతలతో పోల్చారు. 2,000 కిలోమీటర్ల పొడవునా 650 హిమానీనదాల మందం ఇలా లెక్కగట్టారు. 2019 జూన్‌లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, 1975 నుంచి 2000 వరకు ఏటా పోయిన మంచుకంటే 2000 నుంచి 2016 వరకు ఏటా పోయిన మంచు సుమారు రెట్టింపు. 2035లో మాయం కావడం అబద్ధం. తరుగుదల వేగం హెచ్చడం నిజం. రెండూ ఒకే పద్ధతిలో, కొలిచి చూడడం వల్లే తెలిశాయి.

తిరుగు దారిలో

ఇప్పుడు నోటుపుస్తకంలోని సందేహం బయటికి తీయండి. ఝాలా దాకా ఉన్న మంచు మనుషుల ప్రమేయం లేకుండానే కరిగింది. నిజమే. భూకక్ష్యలో మెల్లగా వచ్చే మార్పుల వంటి సహజ కారణాల వల్ల అది వేల సంవత్సరాల్లో జరిగింది. ఇప్పటి వేడిమి అటువంటిది కాదు. బొగ్గు, చమురు మండించడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, కొద్ది తరాల కాలంలోనే ఉష్ణోగ్రత హెచ్చింది. మధ్య హిమాలయాలకు మరో చిక్కు ఉంది. ఇక్కడి హిమానీనదాలకు రాబడిలో పెద్ద భాగం వర్షాకాలంలో, అంటే ఎండాకాలపు నెలల్లోనే వస్తుంది. వేడి కాస్త పెరిగితే మంచుగా కురవవలసినది వానగా కురుస్తుంది. రాబడి తగ్గే సమయంలోనే ఖర్చు పెరుగుతుంది.

కాట్మండులోని సమీకృత పర్వతాభివృద్ధి కేంద్రం 2019లో ప్రకటించిన అంచనా ప్రకారం, భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దాంతానికి హిందూకుష్ హిమాలయాల మంచులో మూడోవంతు పోతుంది. ఉద్గారాలు ఇలాగే సాగితే మూడింట రెండు వంతులు పోతుంది.

గంగ ఎండిపోతుందా? మైదానాల్లో గంగ నీటిలో అత్యధిక భాగం వర్షానిదే. కాబట్టి నది పూర్తిగా ఎండిపోతుందనడం అతిశయోక్తి. కాని ఎగువ లోయల్లో, వాన రాని వేసవి నెలల్లో, మంచునీరే ఆధారం. అక్కడి ఊళ్లకు, పొలాలకు, జలవిద్యుత్ కేంద్రాలకు అది తప్పిపోతే ప్రత్యామ్నాయం లేదు. మన గోదావరి, కృష్ణలు పూర్తిగా వాననదులు. అందుకే మంచు తరుగుదల మనకు దూరపు సంగతిలా అనిపిస్తుంది. కాని మన ఇళ్ల పూజగదుల్లో మూతవేసిన చిన్న గంగాచెంబు ఉంటుందిగదా, దానికి మొదలు ఈ బూడిదరంగు మంచుగోడే.

ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది, మార్చి 21ని ఏటేటా హిమానీనదాల దినంగా పాటించాలని నిర్ణయించింది. మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ అమ్మమ్మో, తాతయ్యో, పక్కింటివారో ఎప్పుడైనా గంగోత్రి యాత్రకు వెళ్లి గోముఖం దగ్గర ఫోటో తీయించుకున్నారేమో అడగండి. పాత ఆల్బంలో దొరికితే వెనక్కి తిప్పి చూడండి. సంవత్సరం రాసి ఉందా? లేకపోతే వారిని అడిగి, గుర్తున్నంతవరకు ఇప్పుడే రాయండి. వెనకనున్న శిఖరాలు కదలవు. వాటిని బట్టి మంచు అప్పుడు ఎక్కడుందో చెప్పవచ్చు. హాడ్జ్‌సన్ వర్ణన, ఆడెన్ పటం, గూఢచారి ఉపగ్రహం తీసిన చిత్రం, అమ్మమ్మ ఫోటో, అన్నీ అడిగే ప్రశ్న ఒకటే: గోముఖం ఆ సంవత్సరంలో ఎక్కడుంది?

ఒకనాడు మీరూ వెళ్లి అక్కడ నిలబడితే, ఫోటో తీసుకుని తేదీ రాయడం మరచిపోకండి. మీ తరువాత వచ్చేవారికి అది అవసరమవుతుంది.